యంత్రాలు వచ్చాయి, మాస్టారి మాటేమిటి?

2026-27 విద్యాసంవత్సరం మొదలుకొని మూడవ తరగతి నుండే కృత్రిమ మేధను, గణనాత్మక ఆలోచనా పద్ధతిని పాఠ్యప్రణాళికలో చేర్చనున్నట్లు కేంద్ర విద్యామంత్రిత్వ శాఖ 2025 అక్టోబరులో ప్రకటించిన సంగతి పాఠకులకు విదితమే. అంతకు అయిదేళ్ళు ముందుగా, 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల దశలో కోడింగును పరిచయం చేయాలని సూచించింది. ఈ ప్రకటనలు వెలువడినప్పుడల్లా మన కాలనీలలో, క్యాంటీను బల్లల వద్ద, షిఫ్టు బస్సులలో ఒకటే చర్చ: అబ్బాయికి ఏ ల్యాప్‌టాప్ కొనాలి, అమ్మాయిని ఏ కోచింగులో చేర్పించాలి? సహజమైన ఆదుర్దాయే. కాని ఆ చర్చలో ఎన్నడూ వినిపించని ప్రశ్న మరొకటి ఉన్నది. బడిలో ఈ పాఠం చెప్పవలసిన టీచరుకు చెప్పేవారెవరు? ఈ నెల ఈ శీర్షికను ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

లెక్కలతో మొదలుపెడదాం. 2024-25 సంవత్సరానికి ప్రభుత్వం వెలువరించిన పాఠశాలల గణాంకాల ప్రకారం దేశంలో ఉపాధ్యాయుల సంఖ్య తొలిసారిగా కోటి దాటింది. కంప్యూటరు సౌకర్యం గల బడులు నూటికి 64.7, ఇంటర్నెట్ ఉన్నవి నూటికి 63.5. అంతకు ముందటి యేడు ఈ అంకెలు 57.2, 53.9 మాత్రమే. పెరుగుదల మెచ్చదగినదే. అయితే కంప్యూటరు ఉన్నదా లేదా అన్నది గడిలో టిక్కు పెట్టి తేల్చగల విషయం. ఆ కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లకు ఏదైనా బోధపడుతున్నదా అన్నది టిక్కుకు లొంగే సంగతి కాదు. లొంగనిదాన్ని లెక్కలోంచి తప్పించడం మనదేశంలో నలభై యేళ్ళుగా సాగుతూనే ఉన్నది.

నలభై యేళ్ళన్నది వట్టి అలంకారం కాదు. 1984-85లో కేంద్రప్రభుత్వం 'క్లాస్' అనే పేరుతో పాఠశాలలలో కంప్యూటరు అక్షరాస్యత పథకాన్ని ప్రయోగాత్మకంగా ఆరంభించింది. తొలి విడతలో సుమారు 250 బడులను ఎన్నుకున్నారు. వాటికిచ్చిన యంత్రం బీబీసీ మైక్రో. ఇంగ్లండులో ఏకార్న్ అనే సంస్థ తయారుచేసి, 1981 చివరలో విపణిలోకి తెచ్చిన యంత్రమది. దాని స్మృతి 32 కిలోబైట్లు. ఇప్పుడు మన చేతిలోని ఫోనుతో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. (ఆ ఫోనుకు మాత్రం ఆ యంత్రంతో దూరపు చుట్టరికం ఉన్నది. అదే ఏకార్న్ సంస్థ ఇంజనీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ 1985లో రూపొందించిన 'ఆర్మ్' ప్రాసెసరు సంతతే నేడు దాదాపు ప్రతి మొబైలు ఫోనులోనూ పనిచేస్తున్నది.)

క్లాస్ పథకంలో మొత్తం 12,000 యంత్రాలు రాష్ట్రప్రభుత్వాల ద్వారా ఉన్నత పాఠశాలలకు చేరాయి. ఆ కాలానికి అది సాహసోపేతమైన కార్యమే. యంత్రాలతోపాటు ఒక్కొక్క బడినుండి కొందరు ఉపాధ్యాయులకు స్వల్పకాలిక శిక్షణ నిచ్చారు. వారు లెక్కల మాస్టార్లో, సైన్సు టీచర్లో. తమ మామూలు పీరియడ్లన్నీ చెప్పుకున్న పిదప ఈ కొత్త పని చేయాలి. శిక్షణ ముగించుకొని బడికి తిరిగి వచ్చాక సందేహం కలిగితే అడగడానికి ఎవరూ లేరు. యంత్రం మొరాయిస్తే బాగుచేయించే దాకా పాఠం ఆగవలసిందే. శిక్షణ పొందిన మాస్టారికి బదిలీ అయితే ఆ విద్య ఆయనతోనే వెళ్ళిపోయేది. యంత్రం మాత్రం ప్లాస్టికు తొడుగు కప్పుకొని, తాళం వేసిన గదిలో ఉండిపోయేది.

1993 తరువాత ఎనిమిదవ ప్రణాళికలో ఆ పథకాన్నే విస్తరించారు. అనంతరం విద్యామంత్రిత్వ శాఖవారే తమ పత్రాలలో దాని లోపాలను పేర్కొన్నారు: అన్ని బడులకు ఒకే తరహా యంత్రాలు, కంప్యూటరు భాషలను నేర్పడం మీదనే ధ్యాస, పూర్తికాలపు ఉపాధ్యాయులు లేకపోవడం. మూడవది అన్నింటికన్నా బరువైనదని మా అభిప్రాయం. మొదటి రెండూ డబ్బుతోను, పాఠ్యపుస్తకం మార్పుతోను సరిపోయేవి. మూడవది అలా సరిపోదు.

1998లో సమాచార సాంకేతికతపై ఏర్పడిన జాతీయ కార్యదళం విద్యార్థి కంప్యూటరు, శిక్షక్ కంప్యూటరు, స్కూల్ కంప్యూటరు అని మూడు పథకాలను సిఫారసు చేసింది. ఎట్టకేలకు శిక్షకుడు పేరుతో సహా తలపునకు వచ్చాడు. కాని ఏ విధంగా? సులభమైన ఆర్థిక వెసులుబాటుపై సొంతానికి కంప్యూటరు కొనుక్కోదలచిన వ్యక్తిగా! ఉపాధ్యాయుణ్ణి గుర్తుచేసుకున్నప్పుడు కూడా కొనుగోలుదారుగానే గుర్తుచేసుకోవడం కొంత విచిత్రంగానే ఉన్నది.

ఆ మీదట 2004 డిసెంబరులో 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకం వచ్చింది. దానిని అనుసరించి 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటరు గదులు ఏర్పడ్డాయి. ప్రైవేటు సంస్థలు యంత్రాలను అమర్చి, బోధకులను నియమించి, అయిదేళ్ళు నడిపి, పిదప ప్రభుత్వానికి అప్పగించడం ఏర్పాటు. ఆ అయిదేళ్ళలో స్వల్ప వేతనానికి పనిచేసిన యువ బోధకులు శ్రద్ధగా చెప్పిన బడులు ఉన్నాయి. ఆ పిల్లలలో కొందరు నేడు ఇంజనీర్లు కూడ అయివుండవచ్చు. అయితే గడువు తీరగానే బోధకులు వెళ్ళిపోయారు. ఒప్పందంలో యంత్రాల అప్పగింతకు పద్దు ఉన్నది. విద్య అప్పగింతకు లేదు. బడిలోని శాశ్వత ఉపాధ్యాయులు ఆ అయిదేళ్ళూ ఆ గదిని తమది కాని గదిగానే చూశారు. అందులో వారి తప్పు ఎంతమాత్రం లేదు. అది వారిదని వారితో ఎవరూ అనలేదు.

పొరుగునే ఉన్న కేరళ వేరొక దారి పట్టింది. 2001లో ఆరంభమైన 'ఐటీ ఎట్ స్కూల్' కార్యక్రమం బయటి బోధకులను తేకుండా, బడిలో అప్పటికే పనిచేస్తున్న ఉపాధ్యాయులనే ఎన్నుకొన్నది. వారిలో ఆసక్తి గలవారికి లోతైన శిక్షణ నిచ్చి, డెప్యుటేషనుపై ముఖ్య శిక్షకులుగా నియమించి, తోటి ఉపాధ్యాయులకు నేర్పించింది. మలయాళం చెప్పే టీచరు, జీవశాస్త్రం చెప్పే టీచరు, సాంఘికశాస్త్రం చెప్పే టీచరు, అందరూ ఆ శిక్షణకు వెళ్ళారు. ప్రతి బడిలోను ఒక ఉపాధ్యాయుడు ఆ గదికి సమన్వయకర్త. వెల చెల్లించనక్కరలేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వాడినందున లైసెన్సుల ఖర్చు తప్పింది. ఉపాధ్యాయులే దానిని తమ పాఠాలకు అనువుగా మలచుకోగలిగారు. 2017లో ఆ కార్యక్రమం 'కైట్' అనే ప్రభుత్వ సంస్థగా మారింది. 2018లో 'లిటిల్ కైట్స్' పేరిట విద్యార్థుల క్లబ్బులు ఏర్పడ్డాయి. కేరళలో అంతా సవ్యంగా ఉన్నదని మేము అనము. కాని అక్కడ ఒక టీచరుకు చిక్కు వస్తే, పక్క ఊరి బడిలో అదే చిక్కును నిన్ననే విప్పిన మరొక టీచరు ఉంటుంది. ఆ ఇద్దరికీ పరిచయం ఉంటుంది. మన ప్లాంటులో కొత్తగా చేరిన ఆపరేటరుకు సీనియరు ఫోర్మన్ అండ ఎంత అవసరమో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

బీబీసీ మైక్రో పుట్టిన ఇంగ్లండుకూ ఇదే పాఠం ఆలస్యంగానే తలకెక్కింది. అక్కడి బడులలో కంప్యూటరు విద్య క్రమంగా టైపింగు, పట్టికలు, ప్రదర్శన చిత్రాల స్థాయికి దిగజారిందని 2012 జనవరిలో రాయల్ సొసైటీ నివేదిక తేల్చింది. 2014 సెప్టెంబరు నుండి అయిదేళ్ళ పిల్లలు మొదలు అందరికీ కంప్యూటింగు పాఠ్యాంశమైంది. 2016లో సుమారు పది లక్షల 'మైక్రోబిట్' బుల్లి యంత్రాలను పిల్లలకు ఉచితంగా పంచారు. ఇంత చేసినా, మాధ్యమిక పాఠశాలలలో సగానికి పైగా, నూటికి 54, కంప్యూటరు సైన్సును పబ్లిక్ పరీక్షకు అందించడమే లేదని 2017లో అదే సొసైటీ మరొక నివేదికలో వెల్లడించింది. చెప్పేవారు చాలినంతమంది లేరన్నది ముఖ్య కారణాలలో ఒకటి. 2018లో గాని 8.4 కోట్ల పౌన్ల వ్యయంతో ఉపాధ్యాయుల కోసం జాతీయ కేంద్రం ఏర్పడలేదు. పాఠ్యప్రణాళిక ముందు, టీచరు తరువాత. ధనిక దేశమైనా క్రమం తప్పితే నాలుగేళ్ళు నష్టపోయింది.

'చెప్పడానికి అంతగా ఏమున్నది, నాలుగు కమాండ్లే కదా' అని కొందరు అనుకోవచ్చు. ఇక్కడే కొంచెం నిలిచి చూడవలసి ఉన్నది.

ఏడవ తరగతిలో అప్పుడప్పుడే బీజగణితం నేర్చిన పిల్ల కంప్యూటరు తెరపై 'క = క + 1' అని చూస్తుంది. "టీచర్, ఇది తప్పు కదా! ఏ సంఖ్యా తనకన్నా ఒకటి ఎక్కువ కాదు కదా" అంటుంది. ఆ పిల్ల తెలివైనది. గణితంలో ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కంప్యూటరు భాషలో ఆ గుర్తుకు 'సమానం' అని గాక 'ఇప్పటి విలువకు ఒకటి కలిపి, దానినే తిరిగి అక్కడ వ్రాయుము' అని అర్థం. ఈ భేదం తెలియని బోధకుడు "అది అంతే, అలాగే వ్రాయాలి" అని కసురుకుంటాడు. పిల్ల వ్రాస్తుంది, అర్థం చేసుకోవడం మాత్రం ఆ రోజుతో మానేస్తుంది.

మరొకటి. 'క = 5' అని వ్రాసి, దాని కింద 'గ = క' అని వ్రాసి, ఆ కింద 'క = 7' అని వ్రాస్తే ఇప్పుడు గ విలువ ఎంత? పిల్లలలో చాలామంది 7 అంటారు. క, గ ఒకసారి సమానమన్నాక ఎప్పటికీ సమానమే కదా అని వారి తర్కం. సరియైన సమాధానం 5. దీనిని విడమరచడానికి పుస్తకాలు సాధారణంగా డబ్బా ఉపమానం చెబుతాయి: క ఒక డబ్బా, అందులో 5 వేశాము. ఆ ఉపమానం మరొక పొరపాటుకు దారితీస్తుంది. డబ్బాలో 5 వేసి, పిదప 7 వేస్తే రెండూ ఉండాలి కదా! గ డబ్బాలోకి మారిస్తే క డబ్బా ఖాళీ కావాలి కదా! మన ఊళ్ళ పిల్లలకు డబ్బాకన్నా పలక మేలు. క పలకమీద 5 ఉన్నది. దానిని చూసి గ పలకమీద 5 వ్రాసుకున్నాము. ఇప్పుడు క పలక తుడిచి 7 వ్రాస్తే గ పలకకు ఏమీ కాదు. ఇంత చిన్న ఉపమానం ఒక పీరియడు గందరగోళాన్ని తప్పిస్తుంది.

విషయం తెలిసినంత మాత్రాన ఈ ఉపమానం తట్టదు. మన సంస్థలో రోజూ ప్రోగ్రాములు వ్రాసే యువ ఇంజనీర్లను ఎనిమిదవ తరగతి ముందు నిలబెడితే చాలామంది పదిహేను నిమిషాలలో చెమటలు తుడుచుకుంటారు. ఒక విషయాన్ని ఎరుగుట వేరు, అది నేర్చేవారికి ఎక్కడ తట్టుకుంటుందో ఎరుగుట వేరు. ఈ రెండవ జ్ఞానం ఉపాధ్యాయ వృత్తికే ప్రత్యేకమని అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో విశదపరిచారు. లెక్కలలో, తెలుగులో ఆ జ్ఞానం తరతరాలుగా స్టాఫ్ రూములలో చేతులు మారుతూ వచ్చింది. భిన్నాల కూడికలో పిల్లలు ఎక్కడ పడతారో కొత్త టీచరుకు పాత టీచరు చెబుతుంది. కంప్యూటరు పాఠానికి అటువంటి పాత టీచరు ఇంకా తయారుకాలేదు.

ఆ లోటును పూడ్చగల పద్ధతులు కొన్ని లేకపోలేదు. మనం పిల్లలకు అక్షరాలు నేర్పేటప్పుడు ముందు చదివించి పిదప సొంత వాక్యాలు వ్రాయిస్తాము. కంప్యూటరు పాఠంలో మాత్రం తొలిరోజే ఖాళీ తెర ముందు కూర్చోబెట్టి వ్రాయమంటాము. ఈ తలకిందుల పద్ధతిని సరిచేస్తూ బ్రిటన్‌కు చెందిన సూ సెంటన్స్, ఆమె సహచరులు 2017లో అయిదు మెట్లు సూచించారు. టీచరు ఇచ్చిన చిన్న ప్రోగ్రామును చూసి అది ఏమి చేస్తుందో పిల్లలు ముందుగా ఊహించాలి, నడిపి చూడాలి, ఏ పంక్తి ఏమి చేస్తున్నదో పరిశీలించాలి, కొద్దిగా మార్చాలి, చివరికి సొంతంగా నిర్మించాలి. ఊహించే మెట్టు అన్నింటికన్నా విలువైనది. ఊహ తప్పినప్పుడే పిల్లవాడి మనసులో ఏమున్నదో టీచరుకు కనబడుతుంది.

అలాగే న్యూజిలాండుకు చెందిన డేల్ పార్సన్స్, పెట్రీషియా హేడెన్ 2006లో వెలువరించిన అభ్యాసం ఒకటి ఉన్నది. సరియైన ప్రోగ్రాములోని పంక్తులను విడదీసి తారుమారు చేసి ఇస్తారు. పిల్లలు వాటిని వరుసలో పెట్టాలి. కాగితపు చీటీలపై వ్రాసి నేలమీద పరిస్తే చాలు. కరెంటు కోతకు భయపడనక్కరలేదు.

కరెంటు మాట వచ్చింది గనుక, అసలు కంప్యూటరే లేకుండా కంప్యూటరు శాస్త్రాన్ని నేర్పే మార్గం 1990వ దశకంలోనే న్యూజిలాండులో రూపుదిద్దుకున్నది. టిమ్ బెల్, ఇయన్ విట్టెన్, మైకేల్ ఫెలోస్ అనే ముగ్గురు ఆచార్యులు దానికి కర్తలు. మన దేశంలో ఏసీఎం ఇండియావారు 2016లో 'సీఎస్ పాఠశాల' పేరిట ఇదే దారిలో ఉపాధ్యాయులకు పాఠాలు, శిక్షణ అందించసాగారు. మూడవ తరగతి పిల్లకు కావలసింది ఇది. తెర ముందు ఏకాంతంగా కూర్చోవడం ఆ వయసుకు అంత ఉచితం కాదని మా నమ్మకం.

ఈ మార్గంలో మనకు సొంత సామగ్రి దండిగా ఉన్నది. తెలుగు మాస్టారు ఉన్నత తరగతులలో ఛందస్సు చెబుతారు. గురువు, లఘువు అనే రెండే గుర్తులు. మూడు అక్షరాల స్థానాలు. వాటితో ఏర్పడే గణాలు ఎన్ని? రెండు గుణించు రెండు గుణించు రెండు, ఎనిమిది. అందుకే య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిది గణాలున్నాయి. లఘువును సున్నగాను గురువును ఒకటిగాను వ్రాస్తే అవే కంప్యూటరులోని మూడు బిట్ల సంఖ్యలు. పిల్లలు కంఠస్థం చేసే 'యమాతారాజభానసలగం' అనే సూత్రంలో మరొక చమత్కారం ఉన్నది. ఏ అక్షరం వద్ద మొదలుపెట్టి మూడక్షరాలు తీసినా ఆ అక్షరం పేరుగల గణమే వస్తుంది. 'యమాతా' లఘువు, గురువు, గురువు, యగణం. 'మాతారా' మూడూ గురువులే, మగణం. పది అక్షరాలలో ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే ఇమిడి ఉన్నాయి. ఇటువంటి వరుసలను గణితజ్ఞులు నేడు ప్రత్యేకంగా అధ్యయనం చేస్తున్నారు. తెలుగు మాస్టారు, కంప్యూటరు టీచరు ఒక పీరియడు కలిసి చెప్పుకుంటే ఇద్దరి పాఠమూ పండుతుంది.

ఇంటి ముందరి ముగ్గు మరొకటి. చుక్కలు పెట్టి, ఒక క్రమంలో గీత తిప్పి, ఆ క్రమాన్నే నాలుగు వైపులా పునరావృతం చేయడమే కదా ముగ్గు! మద్రాసు క్రిస్టియన్ కళాశాల ఆచార్యులు గిఫ్ట్ సిరొమోని, తన సహచరులతో కలిసి 1970వ దశకంలో తమిళుల కోలాలను చిత్ర వ్యాకరణాల దృష్టితో పరిశోధించారు. కంప్యూటరు శాస్త్రంలో ఆ పరిశోధనకు స్థానమున్నది. సంక్రాంతి నెలలో ఆరవ తరగతి పిల్లలను జంటలుగా విడదీసి, ఒకరు నోటితో మాత్రమే ఆదేశాలివ్వాలి, మరొకరు ఆదేశమిచ్చినంత మేరకే ముగ్గు వేయాలి అని నియమం పెట్టి చూడండి. 'కుడికి తిప్పు' అంటే ఎవరి కుడికి అన్న తగాదా రెండు నిమిషాలలో వస్తుంది. ప్రోగ్రాము వ్రాయడంలోని అసలు కష్టం పిల్లలకు అక్కడ తెలిసివస్తుంది. అమ్మమ్మగారు ఆ తరగతికి అతిథిగా రావచ్చు.

టీచరే అక్కరలేదనే వాదం కూడా ఒకటి ఉన్నది. 1999 జనవరి 26న ఢిల్లీలోని కల్కాజీలో సుగతా మిత్రా గోడలో అమర్చిన కంప్యూటరు ముందు పేటలోని పిల్లలు తమంత తామే మౌసు కదపడం, బొమ్మలు గీయడం నేర్చుకున్న వృత్తాంతం ప్రపంచమంతా మారుమ్రోగింది. పిల్లల కుతూహలానికి అది గొప్ప నిదర్శనమే. కాని మౌసు వశం కావడం వేరు, ఒక సమస్యను ముక్కలుగా విడదీసి పరిష్కరించే బుద్ధి వశం కావడం వేరు. గోడలోని యంత్రం వద్ద బలమైన పిల్లలు ముందు నిలిచి, చిన్నవారు, ఆడపిల్లలు వెనుక మిగిలిపోవచ్చునన్న విమర్శ కూడ దానిపై వచ్చింది. ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే ప్రోగ్రామును అదే వ్రాసిపెడుతున్నది గదా అనేవారూ బయలుదేరారు. అది వ్రాసిపెట్టినది ఒప్పో తప్పో చెప్పగల పిల్ల కావాలంటే, ముందు చెప్పిన 'ఊహించే' మెట్టును ఎవరో ఒకరు ఓపికగా ఎక్కించి ఉండాలి.

ఇక మన వంతు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగిపోయింది. తత్ఫలితంగా కార్యాలయాలలో వేలాది పాత కంప్యూటర్లు పక్కకు తప్పుకుంటున్నాయి. వాటిని చుట్టుపక్కల బడులకు ఇచ్చి ఫొటో తీయించుకోవాలనే ఉత్సాహం అన్ని సంస్థలలోను కలుగుతుంది. ఇవ్వడం మంచిదే. కొత్త విండోసును భరించలేని యంత్రం లినక్సుతో చాలావరకు చక్కగా పనిచేస్తుంది. అయితే ఇచ్చేముందు నిర్వహణ విభాగంవారు ఒక్కొక్కటి విప్పి చూసి, పనిచేసేవి మాత్రమే ఇవ్వాలి. చెడినవి ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అధీకృత రీసైక్లింగు సంస్థకు పోవాలే గాని బడి స్టోరు గదికి కాదు. ఇచ్చిన వాటిని మూడునెలలకొకసారి వెళ్ళి చూసే మనిషి పేరు కాగితం మీద ఉండాలి.

అంతకన్నా ముఖ్యమైనది, శనివారాలు బడికి వెళ్ళి పాఠం చెప్పాలని ముందుకు వచ్చే మన యువ ఉద్యోగుల విషయం. వారి సదుద్దేశాన్ని శంకించము. కాని టీచరును వెనుక బెంచీలో కూర్చోబెట్టి మన ఇంజనీరు తరగతి నడిపితే, మర్నాటినుండి పిల్లల దృష్టిలో ఆ టీచరు స్థానం తగ్గుతుంది. మన ఇంజనీరుకు బదిలీ అయ్యాక ఆ బడికి ఏమీ మిగలదు. దానికన్నా తరగతికి ముందు ఒక గంట టీచరుగారితో కూర్చోండి. ఆమె అడిగినవి చెప్పండి. తరగతిలో ఆమె చెబుతుండగా మీరు వెనుక నిలిచి, చిక్కుపడిన జంటల వద్దకు మాత్రమే వెళ్ళండి. 'మా టీచరుకు అన్నీ వచ్చు' అని పిల్లలు ఇంటికి వెళ్ళి చెప్పాలి. తరగతిలో ఒక్కొక్క యంత్రానికి ఇద్దరిని కూర్చోబెట్టి, పది నిమిషాలకొకసారి కీబోర్డు చేతులు మార్పించే పని కూడ మీరు చూసుకోవచ్చు. లేకపోతే కీబోర్డు ఎప్పుడూ అబ్బాయిల ముందరనే ఉంటుంది, నోటుబుక్కు అమ్మాయిల ముందర ఉంటుంది.

అధికారుల దృష్టికి ఒక మనవి. 2013 కంపెనీల చట్టం 135వ విభాగం ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికరలాభంలో కనీసం నూటికి రెండు వంతులు సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. విద్య ఆ జాబితాలో ఉన్నది. ఆ సొమ్ముతో గది కట్టించి ఫలకం ఆవిష్కరించడం తేలిక. చూడగలిగిన పని కూడా. ఆ పద్దులో కొంత భాగాన్ని చుట్టుపక్కల పది బడుల కంప్యూటరు టీచర్లు నెలకొకసారి మన శిక్షణ కేంద్రంలో కలుసుకోవడానికి, వారి ప్రయాణపు ఖర్చులకు, భోజనానికి కేటాయిస్తే అయ్యేది స్వల్పం. ఆ రోజు వారికి ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. ఆ నెలలో ఏ పాఠం చెడిందో ఒకరికొకరు చెప్పుకోనిస్తే చాలు. పదవీవిరమణ చేసిన మన సహోద్యోగులలో మెయింటెనెన్సు అనుభవం గలవారు ఆ సమావేశాలకు వస్తే, చెడిన మౌసులు, కీబోర్డులు అక్కడికక్కడే బాగుపడతాయి.

ఇంటిల్లిపాదికీ ఒక వినోదంతో ఈసారికి సెలవు. పాత పెళ్ళి శుభలేఖలను చిన్న ముక్కలుగా ముప్పయ్యారు కత్తిరించండి. ఒక వైపు రంగు, మరొక వైపు తెలుపు ఉండాలి. పిల్లవాణ్ణి పిలిచి ఇరవై అయిదు ముక్కలను అయిదు వరుసలుగా, ఇష్టం వచ్చినట్లు రంగువైపు, తెలుపువైపు పేర్చమనండి. 'ఇంకొంచెం కష్టం చేస్తాను' అంటూ మీరు ప్రతి అడ్డువరుస చివర ఒక ముక్క, ప్రతి నిలువు వరుస కింద ఒక ముక్క, మూలన ఒక ముక్క చేర్చండి. చేర్చేటప్పుడు ప్రతి వరుసలోను రంగు ముక్కలు సరిసంఖ్యలో ఉండేటట్లు చూసుకోండి. అది పైకి చెప్పకండి. మీరు కళ్ళు మూసుకోగా పిల్లవాడు ఏదో ఒక ముక్కను తిప్పివేయాలి. కళ్ళు తెరచి చూస్తే ఒకే ఒక అడ్డువరుసలోను, ఒకే ఒక నిలువు వరుసలోను రంగు ముక్కలు బేసి అయివుంటాయి. ఆ రెండూ కలిసే చోట ఉన్నదే తిప్పిన ముక్క. ఆధార్ సంఖ్యలోని పన్నెండవ అంకె కూడ ఇటువంటి కాపలాదారే. దాని లెక్క కొంచెం క్లిష్టం. రహస్యం ఎలా తెలిసిందని పిల్లవాడు అడిగితే వెంటనే చెప్పవద్దు. ముక్కలు జేబులో వేసుకొని సోమవారం బడికి తీసుకువెళ్ళి, టీచరుగారి ముందు పేర్చమనండి.